పార్సిల్ పెట్టె భుజం మీద పడిన తరువాత: నా అనుభవం

కర్నూలులోని ఒక ట్రాన్స్‌పోర్టు గోదాములో నేను ఆరేళ్లు హమాలీగా పనిచేశాను. 2022 జూలైలో ఒక రాత్రి లారీలోంచి పార్సిళ్లు దించుతుండగా పై వరసలోని పెట్టె ఒకటి నా కుడి భుజం మీద పడి ఎముక విరిగింది. ఆ దెబ్బకు రావలసిన నష్టపరిహారం నా ఖాతాలో పడేసరికి రెండేళ్లు దాటింది. దెబ్బ తగిలేనాటికి నాకు 34 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరంలో చదువు ఆపేసినవాణ్ణి కాబట్టి కాగితాలు చదివి అర్థం చేసుకోగలిగాను. ఆ మాత్రం చదువు లేని నా తోటివాళ్లు ఎందరో ఇలాంటి దెబ్బలు తిని, నాలుగైదు వేలు చేతిలో పెడితే తీసుకుని ఊరికి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. గోదాము పేరు, యజమాని పేరు ఇక్కడ అవసరం లేదు కనుక వాటిని ప్రస్తావించడం లేదు.

మా పని రాత్రి పని. హైదరాబాదులో సాయంత్రం బయలుదేరిన లారీ 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా అర్ధరాత్రి దాటాక కర్నూలు చేరుతుంది. తెల్లవారేలోగా ఆ సరుకంతా దించి, ఊళ్లవారీగా వేరుచేసి, ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నంద్యాల వైపు వెళ్లే చిన్న బండ్లకు ఎక్కించాలి. సిమెంటు లోడు, బియ్యం లోడు మోసినవాళ్లకు పార్సిల్ లోడు ఎంత వేరో చెబితే గాని తెలియదు. బస్తాలైతే అన్నీ ఒకే బరువు, ఒకే కొలత. ఎత్తే ముందే ఒళ్లు దానికి సిద్ధమైపోతుంది. పార్సిల్ లోడులో చీరల బేలు పక్కన నీళ్ల మోటారు ఉంటుంది, దాని మీద మందుల పెట్టె, ఆ పైన చూడటానికి చెప్పుల పెట్టెలా ఉండి ఎత్తితే నడుము విరిగే బోల్టుల పెట్టె ఉంటుంది. అక్కడ ఎక్కించేవాళ్లు బరువు చూసి పేర్చరు, వచ్చింది వచ్చినట్టు పేరుస్తారు. ఆఖరున వచ్చిన సరుకు తలుపు దగ్గర, పైన చేరుతుంది. దించేవాడు మొదట నిలబడేది సరిగ్గా దాని కిందనే.

ఆ రోజు దారి పొడవునా వాన. కంటైనర్ పైకప్పు అతుకులోంచి నీళ్లు కారి కింది వరసలోని అట్టపెట్టెలు నానిపోయాయి. నానిన అట్టపెట్టె బరువు మోయలేదు, ఒక పక్కకు కుంగిపోతుంది. అది కుంగితే దాని మీద ఉన్న వరసంతా తలుపు వైపు ఒరుగుతుంది. దారిలో ఎత్తులు ఎక్కి, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరి వచ్చిన లోడు చివరికి తలుపు రెక్కలకే ఆనుకుని నిలబడి ఉందన్నమాట. ఈ సంగతి బయట ఉన్నవాడికి తెలిసే మార్గం లేదు. నేను గొళ్లెం తీసి కుడి రెక్క లాగాను. పై నుంచి ఏదో రాసుకున్న చప్పుడు వినబడింది. తల ఎత్తేలోపే పెట్టె వచ్చి భుజం మీద పడింది.

తరువాత ఎన్నోసార్లు లెక్క వేసి చూసుకున్నాను. లారీ అడుగు నేల నుంచి నాలుగడుగుల ఎత్తు, ఆ పైన పెట్టెల వరస దాదాపు ఆరున్నర అడుగులు. నా భుజం దాకా పెట్టె పడిన ఎత్తు సుమారు ఆరడుగులు. ఆరడుగులు పడటానికి ఏ వస్తువుకైనా సెకనులో ఆరు పదో వంతుల సమయం చాలు. ఆ కాస్త సమయంలో మనిషి చూసి, అర్థం చేసుకుని, పక్కకు తప్పుకోవడం అసాధ్యం. అందువల్ల ‘చూసుకోవద్దా’ అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఇప్పటికీ మనసు కష్టపడుతుంది. చూసుకోవలసింది పెట్టె పడేటప్పుడు కాదు, పేర్చేటప్పుడు, తలుపు తీయక ముందు. బిల్టీలో, అంటే సరుకుతో వచ్చే రవాణా రసీదులో, ఆ పెట్టె బరువు 42 కిలోలు అని ఉంది. పెట్టె మీద మాత్రం ఏ అంకె లేదు.

ఆ పెట్టె నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. చుట్టూ రెండు పసుపు ప్లాస్టిక్ పట్టీలు, అందులో ఒకటి తెగి వేలాడుతోంది. ఒక మూల పగిలి బోల్టులు బయటికి రాలి, తడి నేల మీద దొర్లుతున్నాయి. నేను వెల్లకిలా పడి ఉన్నాను. నొప్పి వెంటనే తెలియలేదు, చెయ్యి మాత్రం నాది కానట్టు అనిపించింది. మాతో పనిచేసే పెద్దాయన, మేమందరం మామా అని పిలిచే ఆయన, నా చొక్కా గుండీలు విప్పి చూసి, తన తువ్వాలుతో చేతిని ఛాతీకి కట్టేశాడు. ఆ తరువాత తన ఫోనుతో తలుపును, పగిలిన పెట్టెను, నానిన అట్టపెట్టెలను నాలుగు ఫోటోలు తీశాడు. ఎందుకు తీశాడో అప్పుడు ఆయనకూ తెలియదు. ‘ఎందుకో తీయబుద్దయింది’ అని తరువాత అన్నాడు.

ఆటోలో పెద్దాసుపత్రికి వెళ్తుండగా గుమాస్తా నా పక్కన కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, యజమాని ఫోనులో చెప్పిన మాటే నాకు చెప్పాడు. ‘అబ్బీ, ఆసుపత్రిలో బండి మీద నుంచి పడినానని చెప్పు. గోదాము పేరెత్తితే పోలీసులొస్తారు, తిరగలేక నువ్వే చస్తావ్. ఖర్చంతా అయ్యగారు చూసుకుంటాడులే.’ ఆ నొప్పిలో నేను సరేనన్నాను. ముందు సీట్లో కూర్చున్న మామ వెనక్కి తిరిగి, ‘అట్లెట్ల చెప్తాడప్పా? పెట్టె పడితే పెట్టె పడిందనే చెప్పాల’ అన్నాడు. ఆ ఒక్క మాటతో నా నోట్లో అబద్ధం ఆగిపోయింది.

అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు దెబ్బ ఎలా తగిలిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పనిచేస్తుండగా లారీ నుంచి పెట్టె మీద పడిందని, రాత్రి సుమారు రెండు గంటలకని, వాసన చూసి మద్యం వాసన లేదని ఆయన రిజిస్టరులో రాశారు. రెండు మూడు పంక్తులకు మించని రాత అది. ఈ రెండేళ్లలో నేను పోగుచేసిన కాగితాలన్నింటిలోకీ బలమైనది అదే. పనిచోట దెబ్బ తగిలినవాడు ఆసుపత్రిలో మొదట చెప్పే మాట ఎంత ముఖ్యమో ఆ రాత్రి నాకు తెలియదు. ఆరు నెలల తరువాత న్యాయవాది ఆ నకలు చేత్తో పట్టుకుని, ‘నువ్వు బండి మీద నుంచి పడినానని చెప్పి ఉంటే నేనీ కేసు పట్టేవాణ్ణి కాదు’ అన్నప్పుడు తెలిసింది.

మెడకూ భుజానికీ మధ్య అడ్డంగా ఉండే ఎముక రెండు చోట్ల విరిగింది. బియ్యం కార్డు ఉండటంతో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషను చేసి ప్లేటు, స్క్రూలు బిగించారు. దానికి నేను డబ్బు కట్టలేదు. గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వచ్చే ఆ ఆసుపత్రిలో, ఆ రద్దీలో నన్ను శ్రద్ధగా చూసుకున్నారని చెప్పడం నా ధర్మం. ఆరు వారాలు చెయ్యి మెడకు వేలాడదీసుకుని, ఆ తరువాత గోడ మీద వేళ్లతో పాకించే వ్యాయామం మొదలుపెట్టాను. వారం వారం వేళ్లు ఎక్కడిదాకా వెళ్లాయో మా అమ్మాయి సుద్దముక్కతో గోడ మీద గీత గీసేది. మొదటి గీతలు బెత్తెడు బెత్తెడు దూరంలో ఉన్నాయి, తరువాత వేలెడు, ఆ తరువాత గీత మీదనే గీత. చెయ్యి భుజం ఎత్తును కాస్త దాటి అక్కడే ఆగిపోయింది. ఆ భుజం మీద ఇక బరువు పెట్టకూడదని డాక్టరు స్పష్టంగా చెప్పారు. హమాలీకి ఆ మాటకు అర్థమేమిటో విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇంట్లో ఉన్న ఆ నెలల్లో యజమాని రెండుసార్లు కలిపి 6,000 రూపాయలు పంపాడు. నవంబరులో పిలిపించి, 20,000 ఇస్తాను, ఇక నాకూ గోదాముకూ ఏ లావాదేవీ లేదని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నా భార్య కుట్టుమిషను సంపాదన మీదే ఇల్లు నడుస్తున్న రోజులవి. పెన్ను తెరిచి చేతిలో పట్టుకున్నాను కూడా. ఒక రోజు ఆగి చెబుతానని బయటికి వచ్చి, హమాలీ సంఘంలో పనిచేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన చెప్పిన మొదటి విషయమే నన్ను నిలబెట్టింది. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం 17వ సెక్షను ప్రకారం, పరిహారం హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదు. అయినా సంతకం పెట్టిన కాగితం తరువాత మెడకు చుట్టుకుంటుంది, పెట్టవద్దు అన్నాడు.

మాలో చాలామందికి ఉన్న అపోహ ఒకటే: నియామక పత్రం లేదు, పీఎఫ్ లేదు, హాజరు పుస్తకంలో పేరు లేదు, మనం ఎవరి ఉద్యోగులమని అడుగుతాం? నేనూ అలాగే అడిగాను. ఈ చట్టంలో రోజు కూలీలను, అప్పుడప్పుడు పనికి వచ్చేవాళ్లను పక్కన పెట్టే మాట ఒకప్పుడు ఉండేదట. 2000లో చేసిన సవరణతో దాన్ని తీసేశారు. మేస్త్రీ ద్వారా పనికి వచ్చినా, ఎవరి వ్యాపారం కోసం పని జరుగుతుందో ఆ యజమాని పరిహారం చెల్లించాలని 12వ సెక్షను చెప్పేది. ఆ తరువాత ఆయన మేస్త్రీ దగ్గర రాబట్టుకుంటాడా లేదా అన్నది వాళ్లిద్దరి మధ్య విషయం. దెబ్బతో మూడు రోజులకు మించి పని చేయలేకపోతే చాలు, చట్టం వర్తించేది. దరఖాస్తుకు ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉండేది. ప్రమాదం జరిగిన చోటే కాక, కార్మికుడు నివసించే ప్రాంతంలో కూడా దరఖాస్తు వేసుకోవచ్చు. కూలి పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లే మా పత్తికొండ, కోడుమూరు వైపు వాళ్లకు ఇది తెలియాలి.

పదిమంది అంతకు మించి పనిచేసే సంస్థల్లో, నెల జీతం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్ఐ అనే ప్రభుత్వ కార్మిక బీమా వర్తిస్తుంది. అందులో చేరినవారు ఆ దారిలోనే వెళ్లాలి, పనిలో దెబ్బ తగిలి విశ్రాంతిలో ఉన్నన్నాళ్లు జీతంలో సుమారు 90 శాతం అందుతుంది. మా గోదాములో మొత్తం ఏడుగురమే. ఏడాదికి 20 రూపాయలు కోసుకునే బ్యాంకు ప్రమాద బీమా నాకు ఉంది గాని, కన్నో చెయ్యో కాలో పూర్తిగా పోతేనే అది వస్తుంది, సరిగా కదలని భుజానికి రాదు.

2023 జనవరిలో యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, కార్మిక శాఖలో ఈ చట్టం కింద కమిషనరుగా వ్యవహరించే అధికారి ముందు దరఖాస్తు వేశాము. యజమాని తరఫు జవాబులో నాలుగు వాదనలు ఉన్నాయి: ఇతడు మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి; ప్రమాదం మా గోదాములో జరగలేదు; తాగి ఉన్నాడు; అతనికి అంత కూలి లేదు. చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరేళ్లు ఆయన సరుకు మోశాను, పండుగకు ఆయన ఇంటి నుంచి మా ఇంటికి స్వీటు డబ్బా వచ్చేది. కాగితం మీద మాత్రం నేనెవరో ఆయనకు తెలియదు.

ఆ నాలుగింటికీ జవాబులు అప్పటికే ఉన్నాయి, మాకు తెలియకుండానే. తాగలేదని ఆసుపత్రి రిజిస్టరు చెప్పింది. ఎక్కడ జరిగిందో మామ తీసిన ఫోటోలు చెప్పాయి, వాటిలో గోదాము షట్టరు, లారీ నంబరు, సమయం ఉన్నాయి. ఆ రాత్రి లారీ ఏ సరుకుతో ఎక్కడికి వచ్చిందో బిల్టీ చెప్పింది. కూలి ఎంతో, నేను ఎవరి మనిషినో ఫోన్‌పే చెప్పింది. కరోనా తరువాత మా వారం కూలి యజమాని ఖాతా నుంచే నేరుగా వచ్చేది. పన్నెండు నెలల చెల్లింపులు బ్యాంకు స్టేట్‌మెంటులో తీసి కూడితే నెలకు సగటున 13,000 తేలింది. చేతికి నగదు తీసుకునేవాళ్లు కనీసం ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకుని, తోటివాడితో సంతకం పెట్టించుకోవడం మంచిదని నా అనుభవంతో చెబుతున్నాను.

వాయిదాలు పద్నాలుగు. ఎక్కువసార్లు అవతలి న్యాయవాది గడువు అడిగాడు, రెండుసార్లు మా డాక్టరు రాలేకపోయారు. వాయిదా ఉన్న రోజు పని పోయేది. అప్పటికి నేను ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో చిట్టాలు రాస్తున్నాను. మామ సాక్ష్యం చెప్పిన రోజు గుర్తుంది. ‘ఇతనికి మేలు చేయాలని అబద్ధం చెబుతున్నావు కదా’ అని అడిగితే, ‘అబద్ధం చెప్పాలనుకుంటే ఆ పొద్దు ఆటోలోనే చెప్పుండొచ్చు సామీ, దానికి డబ్బులు కూడా వచ్చుండు’ అన్నాడు. అధికారి ఆ మాటను అలాగే రాయించారు. మరుసటి వారం నుంచి ఆ గోదాములో మామకు పని లేదు.

అన్నిటికంటే ఎక్కువ చిక్కు వచ్చింది శాతం దగ్గర. సదరం శిబిరంలో ఇచ్చే వైకల్య శాతం ఒకటి, ఈ చట్టం అడిగే సంపాదనా శక్తి నష్టం మరొకటి. ఈ తేడా తెలియక మేము మొదట సదరం పత్రం పట్టుకుని వెళ్లాము. చెయ్యి ఎంత కదలడం లేదన్నది మొదటిది కొలుస్తుంది. ఆ చెయ్యితో ఇతను చేసే పనిలో ఎంత సంపాదన పోయిందన్నది రెండోది. మా న్యాయవాది 1975 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూపించారు. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయిన ఒక వడ్రంగి ఒంటి చేత్తో ఆ పని చేయలేడు కాబట్టి అతని సంపాదనా శక్తి నూటికి నూరు శాతం పోయినట్టేనని, పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అవుతుందని అందులో చెప్పారు. నా కేసు అంతటిది కాదు. నేను దుకాణంలో చిట్టాలు రాస్తున్నానని నేనే చెప్పాను, దాచలేదు. డాక్టరు 20 శాతం అన్నారు, అధికారి 15 శాతం ఖరారు చేశారు. భుజమే బతుకుదెరువైన మనిషికి అది తక్కువేనని నా అభిప్రాయం.

2024 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. లెక్క ఇలా వేశారు: నెల కూలి 13,000లో 60 శాతం 7,800, 34 ఏళ్ల వయసుకు చట్టంలోని నాలుగో షెడ్యూలు ఇచ్చే గుణకం 199.40, రెండూ హెచ్చిస్తే 15,55,320, అందులో 15 శాతం 2,33,298 రూపాయలు. ప్రమాదం నాటి నుంచి ఏడాదికి 12 శాతం వడ్డీ మరో 60 వేలు. బిల్లులు ఉన్న మందులకు, స్కానింగులకు అయిన ఖర్చు విడిగా ఇచ్చారు, బిల్లు లేనివి పోయాయి. ఈ ఉత్తర్వు మీద యజమాని హైకోర్టుకు వెళ్లాలంటే ముందు ఆ మొత్తం డిపాజిట్ చేయాలి. ఆయన వెళ్లలేదు, కట్టేశాడు. కార్మికుల ప్రమాదాలకు బీమా పాలసీ ముందే తీసుకుని ఉంటే ఈ భారంలో చాలా భాగం కంపెనీ మోసేది. ఆయన లారీలకు, సరుకుకు బీమా ఉంది. మాకు లేదు.

2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు దరఖాస్తు వేసేవారు సెక్షను నంబర్లు నా రాతలో చూసి వాడకుండా, న్యాయవాదినో సంఘాన్నో అడిగి వేసుకోవాలి. ఆసుపత్రిలో చెప్పవలసిన మాట మాత్రం మారలేదు.

నేనిప్పుడు వేరొక ట్రాన్స్‌పోర్టులో బిల్టీలు రాస్తున్నాను. మామను కూడా అక్కడికే పిలిపించుకున్నాను. ఇక్కడ కంటైనర్ వస్తే ఒకేసారి రెండు రెక్కలూ తీయరు. తలుపుకు అడ్డంగా రెండు వైపులా కొక్కేలకు వెడల్పాటి పట్టీ బిగించి, ఒక రెక్క వెనుక నిలబడి, దాన్ని బెత్తెడు తెరిచి టార్చి వేసి చూస్తారు. లోపలి వరస పట్టీకి ఆనితే, పక్కన స్టూలు వేసుకుని పై పెట్టె ముందు దించి, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా కిందికి వస్తారు. మధ్యలోంచి ఏ పెట్టెనూ లాగరు. దీనికి ఒక లారీకి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. మొదట్లో డ్రైవర్లు విసుక్కునేవాళ్లు, ఇప్పుడు వాళ్లే టార్చి పట్టుకుంటున్నారు. ఇక్కడి నుంచి వెళ్లే సరుకులో 25 కిలోలు దాటిన ప్రతి పెట్టె మీద బరువు ఎంతో నాలుగు పక్కలా ఎర్ర మార్కరుతో రాస్తాను. ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాను, అంకెలు కాస్త వంకరగా వస్తాయి గాని దూరానికి కనబడతాయి.